లకుముకి పిట్ట వెనక ఎర్రచీర

ముందే చెప్పేస్తున్నాను, నాకు రాయడం రాదు. తిరుత్తణిలో ఐదో తరగతి దాకా చదివాను, అదీ అరవ బడిలో. తెలుగు అక్షరాలు మా అమ్మ దగ్గర నేర్చుకున్నవే. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ భయమే. మాటలు తప్పుపడితే నవ్వుకోండి, కానీ చివరిదాకా చదవండి.

తిరువళ్లూరు బస్టాండు దగ్గర ఒక ఫొటో స్టూడియోలో పని చేస్తున్నాను. రోజూ తిరుత్తణి నుంచి రైల్లో వచ్చిపోతాను. కంప్యూటర్ పని ఓనరన్న నేర్పించాడు. మా దగ్గరికి ఎక్కువగా మనుషుల ఫొటోలే వస్తాయి. కొండమీద మొక్కు తీర్చి గుండు గీయించుకున్న పిల్లలు, పెళ్లిచూపులకు పంపాల్సిన అమ్మాయిలు, చనిపోయినవాళ్లు. ఎవరిదైనా మొదటి పని ఒకటే, వెనకాల ఉన్నది తీసెయ్యడం. బీరువా, ఆరేసిన బట్టలు, పక్కమనిషి భుజం, అన్నీ తీసేసి నీలంరంగు నింపుతాం. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఎవరైనా ఎదురుగా నిలబడి మాట్లాడుతుంటే వాళ్ల వెనక ఏం తీసెయ్యాలా అని చూస్తుంటాను.

పాండూరు మామ ఒకరోజు పిట్టల ఫొటోలు తెచ్చాడు. ఆయన నాకు చుట్టం కాదు. మన తెలుగువాళ్లు గదా అని మామ అనేదాన్ని, ఆయన భార్యను అత్త అనేదాన్ని. ఆవడిలో ఫ్యాక్టరీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక సొంతూరు పాండూరులో మడి చూసుకుంటూ కెమెరా కొనుక్కున్నాడు. మడి పక్క కాలవలో ఒక పుల్ల గుచ్చితే దానిమీద లకుముకి పిట్ట వచ్చి కూర్చునేది. నీలం రెక్కలు, ఇంత పొడుగు ముక్కు, ఎంత బాగుండేదో. కానీ ప్రతి ఫొటోలోనూ పిట్ట తల వెనక ఎర్రగా ఏదో చెదిరినట్టు కనిపించేది. కన్ను ముందు అక్కడికే పోయేది.

మొదట ఎరువు సంచి అనుకున్నాను. ఒక ఫొటో పెద్దది చేసి చూస్తే చెయ్యి కనిపించింది.

"మామా, వెనక ఎవరో ఉండారు."

"మీ అత్తే. అవతల గట్టున గడ్డి కోస్తా ఉండాది."

"ఆమెను రవంత పక్కకు పొమ్మని చెప్పొచ్చు గదా?"

"ఆమె పక్కకు పోతే పిట్ట కూడా పోతాది పాపా. నన్ను చూస్తే లేచిపోతాది గానీ ఆమెకు అలవాటు పడిపోయింది. ఆమె అక్కడ గడ్డి కోస్తా ఉంటేనే అది నిలుస్తాది."

ఓనరన్న పక్కనుంచి నవ్వాడు. "అట్లయితే మామా, ఫొటో మీరు తీసినట్టా, అత్త తీసినట్టా?"

"బటన్ నొక్కింది నేను గదప్పా!" అని మామ కూడా నవ్వాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఆ ఎర్రది తీసెయ్ పాపా. చూసేవాళ్లు పిట్టను చూడాల" అన్నాడు.

తీసేశాను. పక్కనున్న పచ్చదనాన్ని కాపీ చేసి ఎరుపుమీద కొంచెం కొంచెంగా పూశాను. పిట్ట ముక్కు అంచు దగ్గర వెంట్రుకంత ఎరుపు కూడా మిగలకుండా చూసుకున్నాను. నా పని నాకే ముద్దొచ్చింది. ఆ తర్వాత ఆయన తెచ్చిన ప్రతి ఫొటోలోనూ, కొంగ అయినా పాలపిట్ట అయినా, అత్తను తీసేస్తూనే వచ్చాను. తీసేశాక అదే ఫైలు మీద సేవ్ చేసేదాన్ని. మామ తన కెమెరా కార్డు ఖాళీ చేసుకుని మళ్లీ వాడుకునేవాడు. అసలువి ఉంచుకోవాలని ఇద్దరికీ తోచలేదు.

కొన్నాళ్లకు తిరుత్తణిలో ఒక బడివాళ్లు వార్షికోత్సవంలో మామ ఫొటోలు పెడతామన్నారు. ఫ్రేములు తగిలించడానికి నేను పోయాను. అత్తది తిరుత్తణే పుట్టిల్లు. చెల్లెల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పండు మిరపకాయ రంగు చీర కట్టుకుంది. అది ఇంతకు ముందు నేను చూసిన రంగే. కొత్తది కాదు, కుచ్చిళ్ల దగ్గర వెలిసిపోయి ఉంది. పండగలాంటి రోజున పాతచీర ఎందుకు కట్టిందా అనుకున్నాను.

చెల్లెలితో ఆమె అంటున్న మాట వినబడింది. "మొకం సరిగ్గా కనపడదులే. ఇదే చీర, దీన్ని చూసి కనిపెట్టు. అన్నిట్లోనూ ఉండాను."

నా చేతిలో సుత్తి అట్లే ఉండిపోయింది.

ఇద్దరూ మొదటి ఫొటో దగ్గర నిలబడ్డారు. తర్వాత రెండోది. అత్త అద్దానికి మొకం దగ్గరగా పెట్టి చూసింది. చెల్లెలు వరసంతా ఒకసారి తిరిగొచ్చి, "ఏమక్కా, పిట్ట నిన్ను కూడా చేపనుకోని మింగేసిందా?" అంది. చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. అత్త కూడా నవ్వింది. నవ్వుతూనే నా దగ్గరికి వచ్చింది.

"ఏడ ఉండాను పాపా నేను?"

"క్లీన్ చేసినాం అత్తా."

"క్లీన్ చేసినారా?"

"పిట్ట బాగా కనపడాలని..."

"సరి" అంది. ఇంకోసారి ఫొటో వైపు చూసి, "బాగానే ఉండాదిలే పిట్ట" అంది. పైటకొంగు భుజం చుట్టూ లాక్కుని, చెల్లెలితో కలిసి వెనక వరస కుర్చీల్లో పోయి కూర్చుంది.

అదే సమయంలో ఎవరో సారు మామ చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు. వెనకాల ఎంత నీటుగా ఉందో అని మెచ్చుకుంటున్నాడు. మామ నన్ను చూపించి, "అంతా ఈ పాప చేతిపనే సార్" అన్నాడు. నేను తల వంచుకున్నాను. సిగ్గుపడ్డానని అనుకుని ఉంటారు.

తర్వాత మామ తెచ్చిన ఫొటోల్లో సగానికి పైగా పిట్ట తోకలే ఉన్నాయి. ఎగిరిపోతున్నవి, దూరంగా చుక్కల్లా ఉన్నవి.

"అత్త రాలేదా మామా?"

"రమ్మంటే పనుండాదంటాది. ఏం పనో! సుమ్మా, ఊరికే కూర్చోనుంటాది, నేను కెమెరా తీస్తే మాత్రం పనొస్తాది" అన్నాడు. ఆయనకు అర్థం కాలేదో, అర్థమైనా ఒప్పుకోలేదో నాకు తెలియదు. నేనూ చెప్పలేదు.

ఆ లకుముకి పిట్ట ఫొటోలో అత్తను మళ్లీ పెట్టాలని కూర్చున్నాను. అసలు ఫొటో ఎక్కడా లేదు. గుర్తున్నంతవరకు ఎర్రరంగు పూసి, దాన్ని మసక చేసి, ఒక చెయ్యి గీశాను. ప్రింటు తీసుకుని ఒక సెలవురోజు పాండూరుకు పోయాను. అత్త పశువుల కొట్టం ముందర గడ్డి తరుగుతోంది. నన్ను చూసి లేచింది, ఒక చెయ్యి చీరకు తుడుచుకుని ఫొటో అందుకుంది. చాలాసేపు చూసింది.

"ఇది నేనా?"

"అవునత్తా."

"నేను కాదు పాపా. నాది ఎడంచేతి వాటం."

చూస్తే నిజమే. కొడవలి ఇంకా ఆమె ఎడంచేతిలోనే ఉంది. నేను కుడిచెయ్యి గీశాను. అన్ని ఫొటోల్లో ఆ చేతిని అంగుళం అంగుళం తుడిచినదాన్ని, అది ఏ చెయ్యో ఒక్కసారైనా చూడలేదు.

అత్త కోప్పడలేదు. ఫొటో మురికి కాకుండా అంచు పట్టుకుని తిరిగి ఇచ్చింది. మజ్జిగ తెచ్చిచ్చింది. "ఈసారి మామతో పో అత్తా, నేనేమీ తీసెయ్యను, అట్లే ఉంచుతాను" అన్నాను.

"చూస్తాంలే" అంది. "ఎండెక్కతాండాది, బస్సు తప్పిపోతాది, తాగు."

ఆమె పోలేదు. మామ ఇంకా ఒక్కడే పోతున్నాడు. అప్పుడప్పుడూ ఒక మంచి ఫొటో తెస్తాడు. పిట్ట ఒకటి, దాని వెనక పచ్చగా మడి. గట్టుమీద ఎవరూ ఉండరు. తుడవడానికి నాకు పని ఉండదు. అయినా పెద్దది చేసి ఆ గట్టు పొడుగునా చూస్తాను, ఎక్కడైనా ఎరుపు కనిపిస్తుందేమోనని. లేదని తెలిశాక పేరు పెట్టి సేవ్ చేస్తాను.

ఇదంతా రాసి ఒకసారి చదువుకున్నాను. తప్పులు చాలానే ఉంటాయి. ఏవి దిద్దాలో తెలియక, దిద్దబోయి ఇంకేదైనా చెరిపేస్తానేమోనని భయపడి, అట్లే వదిలేశాను. చదివినవాళ్లు నన్ను మన్నించండి.