బ్యాటరీ తీసిన రేడియో

ఖమ్మం ఆసుపత్రిలో వాళ్ల నాన్నను వదిలి బస్సెక్కినప్పటి నుంచి నా నాలుగేళ్ల పాప ఏడుపు ఆపలేదు. ఏన్కూరు దాటాక పక్క సీటతను సంచిలోంచి, పడవల వాళ్లు మాట్లాడుకునే చేతి రేడియో తీశాడు. కాకినాడలో పడవ నడుపుతాడట. ఊళ్లో ఉన్న తన అమ్మకు చూపిద్దామని తెచ్చుకున్నాడు.

"దీంట్ల ఉత్తగ మాట్లాడొద్దక్కా, ఒడ్డు మీదైతే అసలే వద్దు. సముద్రంల మునిగేటోళ్ల పిలుపుకు అడ్డమైతది," అంటూ బ్యాటరీ తీసేసి పాపకిచ్చాడు. "బటన్ ఒత్తి 'ఇనబడుతుందా' అని అడుగు బిడ్డా. వదిలిపెట్టి ఇను. పడవ తీసే ముందు మేం గట్లనే అడుగుతం."

"నాన్నా, ఇనబడుతుందా?"

పాప బటన్ వదిలి, రేడియోను చెవికి ఆనించుకుని ఎదురుచూసింది. అతను నా వైపు చూశాడు.

"ఇనబడుతుంది బిడ్డా," అన్నాను.

వాళ్ల నాన్న ఆ ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. పాప ఇప్పుడు దూరాన ఉద్యోగం చేస్తోంది. తను ఫోన్ చేస్తే, ఎత్తగానే నేను ముందు 'ఇనబడుతుంది బిడ్డా' అనే అంటాను.