ఐటిస్ అనే తోక

మొన్న ఈ గల్ఫు దేశంలో, హవల్లీలో మా బిల్డింగు లిఫ్టులో, పై అంతస్తులో ఉండే ఒక కుర్రాడు, మన గోదావరి వైపు అబ్బాయే, ఇంట్లో పనిచేసే ఆవిడ ఒళ్ళు బాగాలేదని పడుకుందని స్నేహితుడికి చెబుతూ, "పనైటిస్ రా బాబూ" అని నవ్వాడు. పక్కవాడూ నవ్వాడు. నేను నవ్వలేదు సరికదా, దిగవలసిన అంతస్తు దాటిపోతున్నా అతని మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. ఈ వయసులో ఇంత కోపమెందుకని మా ఆయన అంటారు గానీ, అలాంటి మాటే చాలా ఏళ్ళ కిందట ఇదే హవల్లీలో విన్నదాన్ని నేను.

మా ఆయన సబ్హాన్‌లో ఒక గోడౌనులో పనిచేస్తుండగా నేను కోనసీమ నుంచి నర్సుగా వచ్చి ఒక చిన్న ప్రైవేటు క్లినిక్కులో చేరాను. అక్కడి పెద్ద డాక్టరు గారు గ్రీకు దేశస్థుడు, రోగులు పల్చబడిన మధ్యాహ్నాల్లో మాకు రోగాల పేర్ల పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం ఆయనకు సరదా. రోగాల పేర్ల చివర వాపుకి గుర్తుగా వచ్చే ఐటిస్ అన్న తోక వాళ్ళ భాషదేనట. మొదట్లో దానికి వాపు అన్న అర్థమే లేదట, 'ఫలానా అవయవానికి చెందిన' అని మాత్రమేనట. దాని పక్కన రోగమన్న మాట విడిగా ఉండేదట, వాడగా వాడగా ఆ మాట రాలిపోయి దాని బరువంతా తోక మీద పడిందట. ఇంగ్లీషువాళ్ళు ఐటిస్ అంటే జర్మన్లు ఈటిస్ అంటారని, ఫ్రెంచివాళ్ళు చివర కొరికేసి ఈత్ అంటారని, ఇటలీవాళ్ళు ఈతె అని సాగదీస్తారని, తీరా పుట్టింట్లో అది ఈతిద అయి కూర్చుందని చెప్పి ఆయనే ముందు నవ్వేవారు. ఫోను వదలని వాళ్ళకు టెలిఫోనీటిస్ ఉందని జర్మన్లు ఎగతాళి చేస్తారని కూడా ఆయనే చెప్పారు.

ఒకరోజు పొద్దున రాయచోటి నుంచి వచ్చిన ఒక పిల్ల, ఇరవై దాటీదాటని వయసు, తన యజమానురాలి వెనకాల నడుం వంచుకుని వచ్చింది. నేను తెలుగుదాన్నని తెలియగానే నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, బొడ్డు కాడ మొదలయి ఇప్పుడు కుడిపక్క పొడుస్తాండాది. మామాకు చెప్తే నాటకమంటాది."

మామా అంటే ఆ యజమానురాలే. మధ్యాహ్నం ఇంటికి చుట్టాలొస్తున్నారు, డాక్టరు గారేమో లోపల ఇంకో రోగిని చూస్తున్నారు. ఒక నొప్పి మాత్ర ఇచ్చి పంపెయ్యండి, ఖలాస్, అని ఆవిడ తొందరపెట్టింది. మా మేనేజరు, మన తెలుగువాడే, ఆవిడ మెప్పు కోసం ఇంగ్లీషులో "వర్కైటిస్ మేడమ్, పనివాళ్ళందరికీ ఉండేదే" అన్నాడు. ఆవిడ నవ్వింది. అందరూ నవ్వుతున్నారు కదా అని, ఏమీ అర్థంకాని ఆ పిల్ల కూడా కడుపు పట్టుకునే నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

వెళ్ళి తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. "డాక్టరు చూసేదాకా ఈ పిల్ల కదలదు, మామా" అన్నాను.

మేనేజరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "సిస్టర్, మీ ఇఖామా ఈ క్లినిక్కు మీదే ఉంది. గుర్తుందా?" ఇఖామా అంటే ఈ దేశంలో ఉండనిచ్చే పర్మిటు.

"ఉందండీ. ఈ పిల్ల ప్రాణం కూడా ప్రస్తుతం ఈ క్లినిక్కులోనే ఉంది."

ఆ గొడవకి డాక్టరు గారు బయటికొచ్చి, పిల్లను లోపలికి తీసుకెళ్ళి కడుపు నొక్కి చూసి, అపెండిసైటిస్, వెంటనే ఆపరేషను కావాలన్నారు. మామా నమ్మలేదు. ఆవిడ చిన్నప్పుడు ఫ్రెంచి బళ్ళో చదువుకున్న సంగతి ఆయనకు తెలుసు, అందుకని ఈసారి మెల్లగా, "అపాందిసీత్, మదామ్" అన్నారు. ఆవిడ చెయ్యి తెలియకుండానే తన కుడివైపు నడుం మీదికి పోయింది. చిన్నప్పుడు తనకూ అదే వచ్చిందని, అప్పుడు తన మాటా ఎవరూ నమ్మలేదని నేల చూస్తూ చెప్పింది. అంబులెన్సులో ఆ పిల్ల పక్కన కూర్చుని వెళ్ళింది కూడా ఆవిడే.

ఆపరేషను బాగా జరిగింది. నేను చూడబోతే ఆ పిల్ల మొదట అడిగిన మాట, "ఆ పొద్దు వాళ్ళు ఏమని నవ్విరక్కా?" అని. దాచకుండా చెప్పాను. "ఇంకోతూరి నేను నవ్వను" అంది.

మేనేజరు అన్నంతపనీ చేశాడు, నా కాంట్రాక్టు పొడిగించలేదు. కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుని, తర్వాత దజీజ్‌లో వేరే క్లినిక్కు వెతుక్కున్నాను. బతిమాలుకుని ఉండవలసిందని అప్పుడు అన్నవాళ్ళున్నారు, ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. నేను బతిమాలలేదు, మళ్ళీ అదే రోజు వచ్చినా బతిమాలను.

డాక్టరు గారు వాళ్ళ దేశం వెళ్ళిపోయారు, ఆ క్లినిక్కు ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. ఈనాటి ఆడపిల్లలు తమ నొప్పి ఫోనుకి తెలుగులో చెబితే అది డాక్టరుకి అరబ్బీలో వినిపిస్తోంది. మంచిదే, సంతోషమే. కానీ మాట మోసుకెళ్ళడానికి ఇద్దరి మధ్య ఒక మనిషి నిలబడే చోటు ఒకటి మా కాలంలో ఉండేది, అక్కడ నిలబడ్డవాళ్ళకు భయంతో పాటు కాస్త పౌరుషం కూడా వచ్చేది. ఆ చోటు ఇప్పుడు ఖాళీ అవుతుంటే దిగులుగా ఉంటుంది. ఇక ఉద్యోగం చాలించమని ఇంట్లో రోజూ అంటారు. నేను రోజూ పొద్దున్నే తెల్ల యూనిఫారం వేసుకుని బయల్దేరతాను.