కిరాయికి తెచ్చుకున్న నోరు

పోయిన నెల భద్రాచలంలో ఒక సభలో నేను మాట్లాడుతుంటే, నా మాటలను కోయ భాషలో చెబుతున్న అమ్మాయి మధ్యలో ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మైకు జుమ్మని మోగింది. అలాంటి మోతే ఎనభైలలో, చండ్రుగొండ అవతల అడవి అంచున ఒక ఊళ్ళో విన్నాను. ఆనాడు మైకు ముందు ఆగిన మనిషి యోహాను పాస్టరు.

అప్పుడు నాకు ముప్పై నిండలేదు. ఎదుటివాడి నోరు మూయించడమే గెలుపనుకునే రోజులు. ఆ వానాకాలం ఆ ఊరంతా జ్వరాలు. కొందరు వేల్పులకు మొక్కుతున్నారు, కొందరు ప్రార్థనలు చేయిస్తున్నారు. దవాఖానాకు పోయేవారు తక్కువ. జ్వరం దోమ వల్ల వస్తుందనీ, మందుతోనే తగ్గుతుందనీ చెప్పడానికి హేతువాద మిత్రులం కిరాయి జీపుకు మైకు కట్టుకుని వెళ్ళాం. తీరా చూస్తే మా తెలుగు సగం మందికి అందదు, వాళ్ళ కోయ మాలో ఒక్కరికీ రాదు.

"రెండు మాటలూ వచ్చినోడు పాస్టరయ్య ఒక్కడే," అన్నాడు ఊరి పెద్ద.

యోహాను మధిర వైపు నుంచి వచ్చి, తాటాకు కప్పిన చర్చి పక్కనే ఏళ్ళుగా కాపురముంటున్నారు. వయసులో నాకంటే చాలా పెద్ద. అయినా నేను "ఏమయ్యా" అనే పిలిచాను.

"ఏమయ్యా పాస్టరూ, మీ దేవుణ్ణి దులపడానికొచ్చాం. దానికి నీ నోరే కావాల్సొచ్చింది. ఇస్తావా?"

"కిరాయికి తీసుకోండి సార్," అని ఆయన నవ్వారు. "పాడు చెయ్యకుండ తిరిగియ్యిండ్రి, చాలు."

మాట నిలబెట్టుకున్నారు. ప్రార్థనతో జ్వరం దిగదన్నాను, కోయలో చెప్పారు. మీ అమాయకత్వం మీద ఈ పాస్టరు బతుకుతున్నాడన్నాను, అదీ చెప్పారు. జనం ఆయన మొహం చూసి పకపకా నవ్వితే, ఆయనా నవ్వారు. ఒక్క ముక్క తగ్గించలేదనడానికి ఆ నవ్వులే సాక్ష్యం. నాకు మరింత ఊపొచ్చింది.

అప్పుడు ముత్తమ్మ అనే ఆమె లేచి ఏదో అడిగింది. యోహాను నెమ్మదిగా తెలుగులో చెప్పారు: "ఈమె చిన్నకొడుకు మొన్న జ్వరంతోని పోయిండు సార్. దవాఖానాకు తీస్కపోలే. అయితే నేనే చంపుకున్ననా, అని అడుగుతున్నది."

ఉపన్యాసపు వేడిలో ఉన్నాను. "అవును. నీ మూఢత్వమే చంపింది. చెప్పవయ్యా!" అన్నాను.

ఆయన నోరు విప్పలేదు. మైకు మోగుతూనే ఉంది.

"ఏం, నిజం చెప్పడానికి భయమా?"

ఆయన మైకుకు చెయ్యి అడ్డం పెట్టారు. "నన్ను అన్న మాటలన్నీ చెప్పిన సార్. ఇది చెప్పను. ఈమె బిడ్డ ఇంకొకతి జ్వరంతోని మంచంల ఉన్నది. గిప్పుడు ఈమెకు నడిచే బలం కావాలె. కాళ్ళిరగ్గొడితె ఎట్ల?"

తర్వాత చెయ్యి తీసి కోయలో ఏదో చెప్పారు. ముత్తమ్మ చప్పున ఇంటికి పరుగెత్తింది. ఏం చెప్పావని గద్దించాను.

"'ఈ సారు జీపు తెచ్చిండు, నీ బిడ్డను జల్దీ తీస్కరా, దవాఖానాకు పోదాం అంటున్నడు' అని చెప్పిన."

నేననని మాట అది. అనవలసిన మాట. పిల్లను తల్లి ఒళ్ళో పడుకోబెట్టుకుని బయల్దేరాం. దారిలో కూడా ఊరుకోలేకపోయాను. "ఆ పిల్లాడికి ప్రార్థన చేసింది నువ్వే కదా?"

"నేనే. దవాఖానాకు పొమ్మని గూడ చెప్పిన సార్. గట్టిగ చెప్పలే. తప్పు నాది. ఆదివారం అందరి ముందట ఒప్పుకుంట."

"మరి నన్నెందుకు ఒక్క మాటా అనవు?"

"పొద్దున మీ జీపు చూడంగనే మీకోసం ప్రార్థన చేసిన. ఎవలకోసం మోకాళ్ళేసిన్నో వాళ్ళను మల్ల తిట్టనీకి నోరు రాదు సార్."

పిల్ల బతికింది. ఆదివారం వెళ్ళి చర్చి బయట నిలబడ్డాను. ఆయన అన్నట్టే ఒప్పుకున్నారు. తెలుగులో ఒకసారి, కోయలో ఒకసారి. కఠినమైన మాటలన్నీ తనకోసం దాచుకునే మనిషి. ముత్తమ్మ ముందు వరసలోనే కూర్చుని ఉంది. లోపలికెళ్ళి, ఆమెనన్న మాట తప్పని నేనూ ఒప్పుకోవలసింది. నాస్తికుడికి చర్చిలో ఏం పని అని నాకు నేనే నచ్చజెప్పుకుని బస్సెక్కాను. తర్కాన్ని అంత సిగ్గుమాలిన పనికి మరెన్నడూ వాడలేదు.

ఆయన దేవుణ్ణి నేను ఈనాటికీ నమ్మను. ప్రార్థన జ్వరాన్ని తగ్గించదనే రాస్తాను. కానీ ప్రార్థన ఆ మనిషి నాలుకను ఏం చేసిందో చూశాను. నా హేతువాదం నా నాలుకను అలా చెయ్యలేకపోయింది. యోహాను పోయి చాలా కాలమైంది. ఏ వాక్యం రాసినా, ఆయన దీన్ని ఆ తల్లికి చెబుతారా అని ఇప్పటికీ ఆగి చూసుకుంటాను. రాతలో ఆగుతాను. మైకు ముందు మరిచిపోతాను.

పోయిన నెలా మరిచిపోయాను. "ఏ మాట దగ్గర ఆగావమ్మా?" అని ఆ అమ్మాయిని అడిగాను.

"మూఢులు అన్నరు గద సార్," అంది గొంతు తగ్గించి. "ముందట్ల మా అవ్వ కూసున్నది."

"ఆ మాట అనడం నా తప్పని చెప్పు తల్లీ. గట్టిగా చెప్పు."

చెప్పింది. ముందు వరసలోని ముసలమ్మ తలెత్తి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.