ఓడకి రాయాల్సిన బర్త్

మా బాసుగారి కూతురికి మూడు వారాల ముందే, ఆవిడకి కూడా తెలియకుండా, విశాఖ పోర్టులో పురుడు పోసిన ఘనత నాది. అందుకు నాకు కావలసి వచ్చింది ఒకే ఒక ఇంగ్లీషు అక్షరం. నవ్వుకోండి, పరవాలేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

అప్పటికి నేను ఉద్యోగంలో చేరి మూడు నెలలు. మా ఊరు పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చేవాణ్ణి. కొడుకు ఓడల్లో పని చేస్తున్నాడని మా నాన్న పొలం గట్ల మీద కనపడ్డ ప్రతివాడికీ చెప్పేశాడు. ఓడల్లో కాదు, ఓడల నుంచి దిగిన సరుకుని సొంతదారుకి అప్పజెప్పే చిన్న ఆఫీసులో. మా బాసు సూర్యారావు గారు గోదావరి మనిషి. ఆయన కూతురు లలితగారు పురిటికి పుట్టింటికి వచ్చి ఉన్నారు. ఆ సంగతి మా కస్టమర్లందరికీ తెలుసు, ఎందుకంటే మా బాసు సరుకు గురించి రెండు ముక్కలు మాట్లాడితే కూతురి గురించి పది ముక్కలు మాట్లాడతారు.

ఆ కస్టమర్లలో ఒకాయన అప్పల్నాయుడు గారు. ఆటోనగర్‌లో షెడ్డు ఉంది. ఇనుపరేకులు వంచే పెద్ద మెషీను మొదటిసారి విదేశం నుంచి తెప్పించుకుంటున్నారు. ఈమధ్యే పెద్ద కారు కొన్నారు. "అమ్మాయికి టైమొస్తే మొహమాటపడకండి, నా బండి పట్టుకొచ్చేత్తాను" అని మా బాసుకి మాటిచ్చి ఉన్నారు.

ఇక నా ఇంగ్లీషు. ఓడని రేవులో కట్టే చోటుని బెర్త్ అంటారు. మనం దాన్ని బర్త్ అంటాం. పుట్టుక కూడా బర్తే. నోటితో అన్నంతసేపూ ఏ గొడవా లేదు. రాసేటప్పుడే ఒకదానికి బి పక్కన ఈ, ఇంకోదానికి బి పక్కన ఐ. ఏది దేనికో నేనెప్పుడూ ఆలోచించలేదు. అదీగాక పోర్టులో ఓడ నుంచి సరుకు దింపడాన్ని డిశ్చార్జ్ అంటారు, దాన్ని సొంతదారుకి ఇవ్వడాన్ని డెలివరీ అంటారు. ఈ మాటలు ఎవరు పెట్టారో గాని, నామీద ఏదో కక్ష ఉన్నవాడే.

ఆ ఉదయం మెషీను ఉన్న ఓడకి చోటు దొరికింది. నేను వెంటనే అప్పల్నాయుడు గారికి మెసేజ్ పెట్టాను. "రెస్పెక్టెడ్ సార్, బర్త్ గివెన్ టుడే సిక్స్ ఏయమ్. డిశ్చార్జ్ టెన్ ఏయమ్. డెలివరీ ఆఫ్టర్ డిశ్చార్జ్. కైండ్లీ కమ్ విత్ వెహికిల్." బర్త్‌లో ఐ పెట్టాను. నీటుగా, నిండు మనసుతో పెట్టాను.

పది నిమిషాల్లో ఫోను.

"రమణ బాబూ, మెసేజ్ సూసినాను. అంతా కులాసాయేనా?"

"అంతా బాగుందండి. మీరు బండి తెచ్చుకోవడమే."

"డిశ్చార్జయ్యాక డెలివరీ అని రాసినావేటి?"

"ముందు డిశ్చార్జేనండి. ఆ తర్వాతే డెలివరీ. ఎక్కడైనా ఇదే పద్ధతి."

"సరే, పెద్ద బండే తెత్తాను. మెత్తగా ఏదన్నా పరిపించమంటావా?"

"పరిపిస్తే మంచిదేనండి. తాళ్ళు కూడా తెండి, గట్టివి."

"తాళ్ళేటి బాబూ?"

"కట్టకపోతే మలుపుల్లో దొర్లిపోతుంది కదండి."

"ఈ కాలం పద్ధతులు నాకేటి తెలుస్తాయి, మా ఆవిణ్ణడుగుతాను" అని పెట్టేశారు. మెషీను గురించి ఆవిణ్ణి అడగడమేమిటో నాకు అర్థం కాలేదు.

పదింటికి సరుకు దింపడం మొదలైంది. చెక్కపెట్టెలో మెషీను ఓడ పక్కన నేల మీద కూర్చుంది. లారీ లేదు. పదకొండు అయింది, లారీ లేదు. "ఎవరిదీ పెట్టె, దారికడ్డం" అని అక్కడి సూపర్వైజరు మూడుసార్లు అడిగాడు. అప్పల్నాయుడు గారు ఫోను ఎత్తరు. బాసుకి చేశాను.

"రమణా, తర్వాత మాట్లాడతాను. మా అమ్మాయికి పురుడొచ్చిందట. నలుగురు ఫోన్ చేసి కంగ్రాట్స్ చెప్పారు. ఇంట్లో ఎవరూ ఫోను తీయట్లేదు. ఆసుపత్రికొస్తే ఇక్కడ అలాంటి పేరే లేదంటున్నారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదయ్యా."

పాపం అనుకున్నాను. చూడండి, నిప్పంటించినవాడే జాలిపడ్డాడు.

అంతలో అప్పల్నాయుడు గారి నుంచి ఫోను. "బాబూ, ఏ ఆసుపత్రో తెలీక నానూ మా ఆవిడా కూర్మన్నపాలెంలో మీ బాసుగారింటికొచ్చినాం. పట్టుచీర కట్టింది. కారుకి పూలు కట్టించినాను. తెలిసినోళ్ళందరికీ ఫోన్ చేసి సెప్పేసినాను కూడా. అమ్మాయే తలుపు తీసింది. కడుపు ఎలాగున్నది అలాగే ఉంది. మరి ఆరింటికి పుట్టిందెవరు?"

"ఎవరు పుట్టారండి?"

"నువ్వే కదేటి రాసినావు."

నా మెసేజ్ నేనే తెరిచి చదువుకున్నాను. మొదటిసారి ఏమీ కనపడలేదు. రెండోసారీ కనపడలేదు. అవతల లలితగారు ఫోను తీసుకుని, "రమణగారూ, ఓడకి రాసే బర్త్‌లో ఐ కాదండి, ఈ" అన్నారు. ఆ మాట మెల్లగా బుర్రకెక్కేసరికి నేను ఆ చెక్కపెట్టెకి చేరబడిపోయాను.

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మా నాన్నకి ఏం చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాను. కానీ ఆసుపత్రి నుంచి ఇంటికి పరుగెత్తాక, కూతురు క్షేమంగా కనపడ్డ సంతోషంలో బాసుకి కోపం సగం దిగింది. లలితగారి నవ్వు చూసి మిగతా సగం దిగింది. అప్పల్నాయుడు గారు ఆటోనగర్ నుంచి లారీ పిలిపించారు. చీకటి పడకముందే మెషీను షెడ్డు చేరింది.

బాసు నాకు ఒకటే శిక్ష వేశారు. "కస్టమర్ల గ్రూపులో తప్పు ఒప్పుకుని, అందరికీ సారీ చెప్పు."

ఈసారి జాగ్రత్తపడ్డాను. బెర్త్ స్పెల్లింగు మూడుసార్లు సరిచూశాను. నేను కొత్తవాణ్ణి, కొంచెం ఓపిక పట్టండి అనడానికి చివర్లో మర్యాదగా "ప్లీజ్ బేర్ విత్ మీ" అని కూడా చేర్చాను. తర్వాత బాసు ఫోను నుంచి లలితగారు చేశారు. నవ్వు ఆపుకోలేక మాట తడబడుతోంది.

"రమణగారూ, బేర్ కూడా రెండు రకాలండి. ఒకటి ఓపిక పట్టడం. మీరు రాసింది రెండోది."

"రెండోది అంటే ఏమిటండి?"

"బట్టలిప్పడం. దయచేసి అందరూ నాతోపాటు బట్టలిప్పండి అని రాశారు మీరు."

అప్పుడే గ్రూపులో అప్పల్నాయుడు గారి జవాబు పడింది. "నాను రాను బాబూ. మా ఆవిడ ఒప్పుకోదు."

ఆనాడే సింహాచలం కొండవైపు తిరిగి, రెండు చేతులూ జోడించి ప్రమాణం చేశాను. ఇక మీదట ఓడ వస్తే ఓడ వచ్చిందని తెలుగులో రాస్తాను. ఎవరినైనా ఓపిక పట్టమనాల్సి వస్తే స్వయంగా వాళ్ళ ఇంటికెళ్ళి, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, నోటితో చెబుతాను.