కెమెరాలో మిగిలిన పడవ

మామయ్య నెల్లూరు ఆసుపత్రిలో ఉండగానే మా చెక్క పడవను పలకలుగా విప్పేశారు. అడుగు పలకలు కుళ్ళిపోయాయి, ఇక నీళ్ళలోకి దించితే ప్రాణాలకే ముప్పని మా ఆయన నిర్ణయించుకున్నారు. కావలి నుంచి కలపవాళ్ళు రాకముందే నేను ఇసుకలో దాని చుట్టూ తిరిగి, మా మరిది వాడి వదిలేసిన కెమెరాతో ఫోటోలు తీశాను. దాన్ని దగ్గరుండి కట్టించుకున్న మామయ్య చివరిచూపు చూసుకోలేకపోయారు, ఇవైనా చూపించాలని.

ఇంటికి వచ్చీ రాగానే మామయ్య అడిగారు.

"ఫోటోలు తీసినావంటగదా అమ్మాయ్? యాడుండాయి?"

కెమెరా వెనక ఉన్న చిన్న తెర ఆయన చూపుకు ఆనదు. కంప్యూటర్లో పెద్దగా చూపిస్తానని చెప్పాను. అది పాతది. లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించి దానికి మళ్ళీ ప్రాణం పోసింది మరిదే. బడి ముఖం చూడని నాకు అమ్మ ఇంట్లోనే తెలుగు నేర్పితే, ఇంగ్లీషు అక్షరాలు ఆ కీబోర్డు మీద మరిది నేర్పాడు. ఇద్దరి చలవా మరువలేను.

కెమెరాకు తీగ గుచ్చాను. తెర మీద ఏమీ రాలేదు. తీసి మళ్ళీ గుచ్చాను. విశాఖలో పనిచేసే మరిదికి ఫోన్ చేశాను.

"ఆదేశాలు కొట్టే నల్ల కిటికీ తెరిచి, ఎల్ ఎస్ యు ఎస్ బి అని కొట్టు వదినా, కంప్యూటరుకు తగిలించినవన్నీ వరసగా వస్తాయి. కెమెరా పేరు కనిపిస్తా ఉండాదా?"

వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాను. మౌస్ ఉంది, కీబోర్డు ఉంది, కెమెరా లేదు.

"లేదబ్బయా. ఫోటోలు పోయినట్టేనా?"

"ఆగు ఆగు. తీగ గుచ్చే కన్నంలో ఏమన్నా అడ్డముందేమో చూడు."

వెలుతురులో చూస్తే లోపల గంధం, పసుపు గట్టిపడి ఉన్నాయి. దసరాకు వలలు, ఇంజను, కత్తులతో పాటు కెమెరానూ పీట మీద పెట్టి పూజ చేశాను. ముందు పెడితే అద్దానికి అంటుతుందని పక్కన బొట్టు పెట్టాను. అక్కడి రబ్బరు మూత ఎప్పుడో ఊడిపోయింది. ఆ తర్వాత తీగ గుచ్చడం ఇదే మొదలు.

చెబితే అవతల ఒకటే నవ్వు. "ఇంజనుకు పెట్టినట్టే పెట్టినావా! డీజిలు పొయ్యలేదు, నయం."

"నవ్వబాక. మామయ్య కాచుకోనుండారు."

నవ్వు ఆగింది. "సరే, పిన్నీసుతో గీకబాక. కెమెరా ఆపేసి, కింద మూత తీసి కార్డు లాగు. కంప్యూటరు ముందున్న సందులో పెట్టు."

కార్డుకూ తడి తగిలిందేమో! పైట చెంగుతో తుడిచి, తల్లీ గంగమ్మా అనుకుంటూ పెట్టాను. తెరలో కదలిక లేదు. లోపలి గదిలోంచి మామయ్య దగ్గు వినిపించింది. పలకలు ఈపాటికి ఏ పొయ్యిలోకి చేరాయో. ఆ పడవంటూ ఉంటే ఇక ఈ కార్డులోనే ఉండాలి.

మూలన చిన్న బొమ్మ వచ్చింది. నొక్కితే పడవ.

"చూస్తా కూర్చోబాక వదినా, ముందు కాపీ చెయ్యి!"

కాపీ ఎంతయిందో చూపే గీత నిండేదాకా కరెంటు పోకూడదని మొక్కుకుంటూనే ఉన్నాను.

మామయ్యను పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన తెరకు దగ్గరగా వంగి చూశారు. కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. చూపించి తప్పు చేశానా, మళ్ళీ ఒళ్ళు పాడవుతుందా అని భయమేసింది. తర్వాతి ఫోటోకు వెళ్ళబోతే నా చెయ్యి పట్టుకున్నారు.

"మార్చబాకమ్మా. ఇది కాసేపు ఉండనీ."

మనసులోనే దేవుడికి దండం పెట్టుకుని, ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను.