ముందు ఏది విప్పాలి

అక్క పోయి నెలన్నర అయింది. గది ఇంకా ఖాళీ చెయ్యలేదు. కుర్చీ మీద బట్టల గుట్ట, అన్నిటికంటే పైన ఆమె చివరిసారి విప్పిన తెల్లకోటు. అడుగున లెక్కల పుస్తకం ఉందని నాకు తెలుసు.

అక్క ఆసుపత్రిలో కట్లు కట్టే గదిలో సహాయకురాలు. పదహారేళ్లు నిలబడే చేసింది. పర్మనెంటు అయితే అదే గదిలో చీటీలు రాసే కుర్చీ ఇస్తామన్నారు. దానికి పదో తరగతి కావాలి. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి, లెక్కలు రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే కుర్చీ ఇంకొకరిది. అప్పటికే మోకాళ్లు అరిగిపోయాయి.

సాయంత్రం వేన్నీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని నా దగ్గర లెక్కలు చేసేది. 3x + 7 = 22 ఇస్తే, ఇరవై రెండుని మూడుతో భాగించేది. ఏడుని ముట్టుకునేది కాదు.

"దాన్నెందుకు వదిలేశావక్కా?"

"పాపం, దాని మానాన అదుందిగా."

విసిగిపోయి ఒక సూత్రం చెప్పాను. "ఏ లెక్కైనా ముందు కూడికల్నీ తీసివేతల్నీ అవతలికి పంపెయ్. తర్వాతే భాగించు." బుద్ధిగా బట్టీ పట్టింది. దొరికిన ప్రతి కాగితం మీదా x రాస్తుంటే ఆసుపత్రిలో వాళ్లు 'ఎక్స్‌రే' అని పేరు పెట్టారు.

పరీక్షకి నాలుగు రోజుల ముందు 5(x + 3) = 40 ఇచ్చాను. నా సూత్రం ప్రకారమే మూడుని పంపేసి, 5x = 37 అని రాసింది.

"తప్పు."

"నువ్వేగా చెప్పావు!"

"బ్రాకెట్ కనపడట్లేదా? నీ బుర్రకి ఎక్కదులే!" అన్నాను. అక్క నీళ్లు చల్లారినా కాళ్లు తియ్యలేదు.

మర్నాడు అక్క కళ్లజోడు మర్చిపోయి వెళ్తే ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్లాను. ఒక ముసలాయన కాలి కట్టు విప్పుతోంది.

"ఆ దూది లాగెయ్ తల్లీ, గోల వదుల్తుంది" అంటున్నాడాయన.

"దూది లోపలుంది తాతా. చివర చుట్టింది ముందు రావాలి" అంటూ ఆగిపోయింది. చేతిలో గుడ్డ అలాగే ఉంది. నావైపు తిరిగింది.

"ఏమేవ్, నిన్నటి లెక్కలో x కి ముందు ఏం చుట్టారు?"

"మూడు కలిపారు."

"ఆ తర్వాత?"

"మొత్తాన్నీ ఐదుతో గుణించారు."

"మరి పైనున్నది ఐదు కదుటే! నలభైని ఐదుతో భాగిస్తే ఎనిమిది. మూడు పోతే... ఐదు."

"ఐదేంటమ్మా?" ముసలాయన గాభరా పడ్డాడు. "పుండు ఐదు చోట్ల ఉందా?"

అక్క నవ్వింది. నేను అప్పుడైనా క్షమించమని అడగాల్సింది. కళ్లజోడు బల్ల మీద పెట్టి వచ్చేశాను.

బొటాబొటి మార్కులతో పాసైంది. కుర్చీ వచ్చింది. ఏడాదిన్నర కూర్చుంది, అంతే.

ఇవాళ ఎలాగైనా గది సర్దాలని వచ్చి, మొదట ఆ పుస్తకాన్నే లాగబోయాను. గుట్టంతా ఒరిగింది. వదిలేసి, ముందు కోటు తీశాను. తర్వాత దాని కిందిది. పుస్తకం దాకా వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కుర్చీ ఖాళీ అయింది గానీ, నేను నేల మీదే కూర్చున్నాను.