కరెంటు టీవీకి మాత్రమే పోయిన మధ్యాహ్నం

మా తమ్ముడికి అబద్ధం చెప్పడం రాదు. చిన్నప్పుడు నేర్పుదామని నేను చాలా తంటాలు పడ్డాను, వాడికి అబ్బలేదు. బిస్కెట్లు తిన్నావురా అని అమ్మ అడిగితే, తినలేదంటూ మూతి తుడుచుకునేవాడు. అలాంటివాడు కట్టుకున్న భార్యనీ, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే నన్నూ నెలల తరబడి ఏమార్చాడంటే నాకిప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. చివరికి వాడు దొరికిపోయింది కూడా అబద్ధం చెప్పడం రాకే.

వాడు బేకరీలో మాస్టరు. తెల్లారకముందే వెళ్ళి పిండి కలిపి, ఓవెన్ల ముందు చెమటోడ్చి, మధ్యాహ్నం భోజనం వేళకి ఇల్లు చేరతాడు. ఎంత కడుక్కున్నా కనుబొమ్మల్లో మైదా ఉండిపోతుంది. పనిలో వాడికో పట్టింపు. ఓవెన్లోంచి ఏ ట్రే బయటికి తీసినా, అందులోంచి ఒక బన్ను విరిచి, వాసన చూసి, నోట్లో వేసుకుంటే గానీ కౌంటర్ మీదికి పంపడు. "మాస్టారూ, మీరు రుచి చూడ్డానికే సగం సరుకు అయిపోతోంది," అని ఓనరు మొత్తుకుంటాడు. "ఇంట్లోవాళ్ళకి పెట్టేముందు మనం చూసుకోమా? ఇదీ అంతే," అంటాడు మావాడు. వాడి పొట్ట ఆ పట్టింపుకి సాక్ష్యం.

వాడి భార్య, అంటే మా మరదలు, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. కింది వాటాలో వాళ్ళు, పై వాటాలో నేను. ఒకప్పుడు ఆమె కింద నవ్విందంటే, ఎందుకో తెలియకుండానే పైన నేనూ నవ్వేదాన్ని. అంత గట్టిగా, అంత కడుపారా నవ్వేది.

తర్వాత ఆమె చెల్లెలికి జబ్బు చేసింది. ఆ పిల్ల ఆసుపత్రిలో చాలా రోజులుండి, ఇక ఇంటికి రాలేదు. అన్నాళ్ళూ మంచం పక్కన కూర్చున్నది మా మరదలే. అన్నీ అయిపోయి తిరిగొచ్చాక ఆమె ఏడవలేదు. ఇల్లు ఊడ్చింది, ఆగిపోయిన బట్టలు కుట్టి ఇచ్చింది, ఏమైనా అడిగితే జవాబు చెప్పింది. నవ్వు మాత్రం ఆ ఆసుపత్రిలోనే వదిలేసి వచ్చింది. నవ్వించడానికి మా తమ్ముడు జోకులు కూడా వేశాడు పాపం. జోకులు వేయడం కూడా వాడికి రాదు.

ఆ నవ్వు తిరిగొచ్చింది కొరియావాళ్ళ పుణ్యమా అని. ఒక మధ్యాహ్నం వాడు టీవీలో వార్తల కోసం వెతుకుతూ ఏదో నొక్కబోయి ఏదో నొక్కాడు. సూటు వేసుకున్న కుర్రాడొకడు, కొరియా వాడే, చక్కటి తెలుగు డబ్బింగులో ఎవరినో తిడుతూ వచ్చి గాజు తలుపుకి ఠపీమని గుద్దుకున్నాడు. గుద్దుకుని, ఆ తలుపుకి వంగి క్షమాపణ చెప్పాడు. బొత్తాం కుడుతున్న మా మరదలు ఫక్కున నవ్వింది. మా తమ్ముడు రిమోట్ పట్టుకుని అలాగే గుడ్లప్పగించి నిలబడిపోయాడు.

"ఇంకోసారి వెయ్యండి," అంది ఆమె.

అంతే, అప్పట్నుంచీ ఆ ఇంట్లో మధ్యాహ్నాలు కొరియావే. నేనూ దిగి వచ్చేదాన్ని. మొదట్లో వెటకారం చేయడానికే వచ్చాననుకోండి. "హీరోకీ, హీరో తండ్రికీ, వాచ్‌మన్‌కీ ఒకటే గొంతేంటే?" అని నవ్వేదాన్ని. వారం తిరిగేసరికి నేను లేకుండా మొదలుపెడితే ఊరుకునేదాన్ని కాదు. ఆ కథల్లో ఎక్కడైనా ఒక గొడుగే ఉంటుంది, దాని కింద ఇద్దరు ఉంటారు. హీరోయిన్ కాలు జారడానికే పుట్టినట్టుంటుంది, హీరో పట్టుకోవడానికే పుట్టినట్టుంటాడు. ప్రేమించానన్న ముక్క చెప్పడానికి పది ఎపిసోడ్లు నానుస్తారు. చెప్పబోయేసరికి ఫోను మోగుతుంది. "ఎత్తకురా వెధవా!" అని నేను అరిచేదాన్ని, వాడు ఎత్తేవాడు. మా మరదలు ఒకసారి ఆ ధ్యాసలో పడి చొక్కా బొత్తాం తీసుకెళ్ళి కాలరు వెనక కుట్టేసింది. ఇక నా సంగతంటారా, నాకెప్పుడూ రెండో హీరోయే నచ్చుతాడు. మంచివాడు, గొడుగు ఇచ్చేసి తను తడిసేవాడు, చివరికి ఏమీ దక్కనివాడు. ఈసారైనా వాడికే ఇచ్చి చేస్తారేమోనని ప్రతిసారీ ఆశపడతాను.

చిక్కల్లా ఒకటి అయిపోయాక తర్వాత ఏం చూడాలన్నదే. పోస్టర్లన్నీ ఒకేలా ఉంటాయి. ఇద్దరు వీపులు ఆనించుకుని నిలబడి, ఒకరి మీద ఒకరు అలిగినట్టు మొహాలు. లోపల ఏముందో ఎవరికి తెలుసు? ఒకసారి పక్కింటావిడ ఏదో బాగుందంటే పెట్టుకున్నాం. మొదటి ఎపిసోడ్‌లోనే ఆసుపత్రి మంచం, సెలైన్ సీసా. మా మరదలు సూది పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ వారమంతా మిషన్ చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. మా తమ్ముడు మెట్ల మీద కూర్చుని, "మళ్ళీ పోయిందక్కా," అన్నాడు నాతో. ఏం పోయిందని నేను అడగలేదు.

ఆ వారం గడిచాక వాడు రిమోట్ స్వాధీనం చేసుకున్నాడు. "తర్వాత ఏం చూడాలో ఇక నేను చెప్తా," అని ప్రకటించాడు. విచిత్రమేంటంటే, వాడు ఏది పెట్టినా బంగారమే. నవ్వులే నవ్వులు. అందులో ఎవరికీ జలుబు కూడా చేసేది కాదు. మరదలి నవ్వు మళ్ళీ పై వాటా దాకా వినపడసాగింది. "నీ చెయ్యి మంచిదిరా," అని నేను మెచ్చుకుంటే వాడు పొంగిపోయేవాడు.

అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. సాగదీత సీను మొదలయ్యే ముందే వాడు టీ పెట్టడానికి లేచేవాడు. మంచి సీను వచ్చే వేళకి సరిగ్గా కప్పులతో ప్రత్యక్షమయ్యేవాడు. నవ్వొచ్చే చోట మేమిద్దరం టీవీ చూస్తుంటే వాడు పెళ్ళాం మొహం చూస్తూ కూర్చునేవాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి వీడికి ప్రేమ ముదిరిందిలే అనుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

ఆ తర్వాత వచ్చింది చెప్పుల దుకాణం అమ్మాయి కథ. హీరోయిన్ చెప్పులు అమ్ముతుంది, హీరో ఆ దుకాణం ఖాళీ చేయించడానికి వచ్చి రోజుకో జత కొనుక్కుని పోతుంటాడు. హీరోయిన్‌కి ఒక చెల్లెలు. తిండిపోతు, వాగుడుకాయ, అక్క బావల మధ్యలో దూరి అన్నీ చెడగొట్టే రకం. మా మరదలికి హీరో హీరోయిన్ల కంటే ఆ పిల్లంటేనే ఇష్టం. తెర మీదికి వస్తే చాలు, "వచ్చిందమ్మా మహాతల్లి," అనేది.

పదిహేనో ఎపిసోడ్. ఆ చెల్లెలు చేతినిండా తినుబండారాలతో మెట్లెక్కుతోంది. మా తమ్ముడు చక్కగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి ఆ పిల్ల చేతిలోవి జారిపోయాయి, మెట్ల మీదే కుప్పకూలింది. తర్వాత సైరన్. తర్వాత పొడుగాటి తెల్లటి వరండా, పరిగెత్తుతున్న మంచం.

మా తమ్ముడు అంత వేగంగా లేవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పొట్టతో సహా గాల్లోకి లేచి, గోడ దగ్గరికి దూకి, టీవీ ప్లగ్గు పీకేశాడు.

"కరెంటు పోయింది!" అన్నాడు.

మా మరదలు తలెత్తి పైకి చూసింది.

"మరి ఫ్యాను?" అంది.

వాడూ ఫ్యాను వైపు చూశాడు. "అది... ఆగుతుంది. ఇప్పుడే కదా పోయింది, ఆగడానికి కాస్త టైం పడుతుంది."

ముగ్గురం తలలెత్తి ఆ ఫ్యాను ఆగుతుందేమోనని చూస్తూ కూర్చున్నాం. అది హాయిగా తిరుగుతూనే ఉంది. వంటింట్లో ఫ్రిజ్ కూడా గుర్రుమంది. వాడి చేతిలో ప్లగ్గు వేలాడుతూనే ఉంది.

"నేను చివరి రెండూ చూళ్ళేదు," అన్నాడు చివరికి, తేలు కుట్టిన దొంగలా. "బేకరీలో పెద్ద ఆర్డరు తగిలింది, టైం దొరకలేదు. పద్నాలుగు బాగానే ఉన్నాయి కదా, మిగతా రెండూ బాగానే ఉంటాయనుకున్నా."

"అంటే పద్నాలుగూ ముందే చూశారా?" అంది మరదలు.

నేను గదిమితే అప్పుడు కక్కాడు. పొద్దున్నే పిండి కలిపాక అది పొంగేదాకా పని ఉండదట. మైదా డబ్బాకి ఫోను ఆనించి, మేం చూడబోయేవన్నీ మొదటినుంచి చివరిదాకా ముందే చూసేవాడట. ఎక్కడైనా ఆసుపత్రి వచ్చిందా, దాన్ని పక్కన పడేసి ఇంకోటి వెతికేవాడట.

"అంటే నా రెండో హీరోలెవరికీ పెళ్ళి కాదని నీకు ముందే తెలుసా?" నాకు ఒళ్ళు మండిపోయింది. "నేను ఇక్కడ కూర్చుని దేవుళ్ళందరికీ దండాలు పెడుతుంటే టీ తెచ్చి ఇచ్చావా!"

నా గోల ఎవరికీ పట్టలేదు. మా మరదలు వాడినే చూస్తోంది.

"నాతో కలిసి చూస్తున్నారనుకున్నాను," అంది. "ఇన్నాళ్ళూ నా పక్కన కాపలా కూర్చున్నారా?"

"అది కాదు..."

"మరేంటి?"

"భయమేసింది," అన్నాడు వాడు. "ఆ వారం నువ్వు మాట్లాడకపోతే ఇంట్లో నాకు ఊపిరాడలేదు. నువ్వు నవ్వడం మళ్ళీ ఆగిపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు. బన్ను చేయడం తప్ప నాకేం వచ్చు?"

ఆమె చేతిలో బట్ట మడతపెట్టి పక్కన పెట్టింది.

"ప్లగ్గు పెట్టండి."

"వద్దు. ఇంకోటి చూద్దాం, మంచిది ఉంది, నేను పూర్తిగా..."

"పెట్టండి. ఆ పిల్ల బతుకుతుందో లేదో నాకు తెలియాలి. మీకూ తెలీదుగా?"

"తెలీదు."

"అయితే వచ్చి కూర్చోండి."

వాడు ప్లగ్గు పెట్టి వచ్చి కూర్చున్నాడు. ఆమె కళ్ళు తిప్పకుండా చూసింది. ఆ వరండా, ఆ మంచం, మంచం పక్కన కుర్చీలో అక్క, అన్నీ చూసింది. పదహారో ఎపిసోడ్ మధ్యలో ఆ టీవీ పిల్ల కళ్ళు తెరిచి, లేచి కూర్చుని, తినడానికి ఏముందని అడిగింది.

"మాది లేవలేదు," అంది మా మరదలు.

అని, ఏడ్చింది. అన్ని నెలల్లో ఒక్క చుక్క రాని మనిషి, బిగ్గరగా, వెక్కివెక్కి ఏడ్చింది. మా తమ్ముడు ఆమెని పట్టుకుని ఓదారుస్తాడనుకుంటే వాడు అంతకంటే ఎక్కువ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. రెండో హీరో కోసం ఏడుస్తున్నానని చెప్పాను గానీ ఎవరూ నమ్మలేదు.

కాస్త తెరిపిన పడ్డాక ఆమె చెల్లెలి గురించి మాట్లాడింది. పోయాక ఆ పిల్ల పేరు ఆ ఇంట్లో ఎత్తడం అదే మొదటిసారి. "దానికీ ఇంతే ఆకలి. ఆసుపత్రిలో కూడా నా టిఫిన్ డబ్బా మూత తీసి చూసేది," అని చెప్పింది. ఏం చెప్పినా కళ్ళు తుడుచుకుంటూనే చెప్పింది, ఒకటి రెండుసార్లు మధ్యలో నవ్వింది కూడా. చీకటి పడేదాకా చెబుతూనే ఉంది. వాడు వింటూనే ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నేను దిగి వచ్చేసరికి రిమోట్ ఆమె చేతిలో ఉంది. పోస్టర్లన్నీ తిప్పి తిప్పి ఒకదాని మీద ఆపింది.

"ఇది చూద్దాం."

మా తమ్ముడు ముందుకి వంగి చూశాడు. "దీని సంగతి నాకేం తెలీదే."

"మంచిదే."

"మధ్యలో ఏదైనా వస్తే?"

"వస్తే రానివ్వండి. పక్కనే ఉంటారుగా," అంది ఆమె.

కథ మొదలైంది. ఎవడో పెద్ద ఆఫీసరట, ఠీవిగా నడిచి వచ్చి తిరిగే కుర్చీలో కూర్చోబోయాడు. కుర్చీ జరిగింది, మనిషి కింద పడ్డాడు, పడినచోటి నుంచే మీటింగ్ మొదలుపెట్టేశాడు. మా తమ్ముడు ముందు ఒక క్షణం తెల్లబోయాడు. తర్వాత పగలబడి నవ్వాడు. పొట్ట పట్టుకుని, కప్పులో టీ చొక్కా మీద ఒలకబోసుకుని, ఊపిరందక నవ్వాడు. కొరియా కథ చూస్తూ వాడు అలా నవ్వడం నేను చూడ్డం అదే మొదలు. జోకు ముందే తెలిసినవాడు ఇన్నాళ్ళూ ఎలా నవ్వుతాడు మరి?

"ఇంకోసారి వేస్తానుండండి," అని మా మరదలు వెనక్కి తిప్పింది. వాడు మళ్ళీ అంతే నవ్వాడు. ఆమె టీవీ వైపు చూడనే లేదు, వాడి మొహం చూస్తూ కూర్చుంది. వాళ్ళిద్దరి గోలలో ఆ ఆఫీసరు కింద నుంచి ఏమన్నాడో నాకు ఒక్క ముక్క వినపడలేదు, మూడోసారి నేనే గొడవపడి వేయించుకున్నాను.